పికప్ బండికి దమ్ము పెంచాలంటే ముందు ఊపిరి, తర్వాతే తిండి

మా బండి 2017 మోడల్ ఇసుజు డీమ్యాక్స్ వీక్రాస్. శ్రీసిటీ ఫ్యాక్టరీలో తయారైన, బీఎస్4 కాలుష్య ప్రమాణానికి చేసిన బండి. 2.5 లీటర్ల డీజిల్ ఇంజిన్, కంపెనీ కాగితం మీద 134 హార్స్‌పవర్, 320 న్యూటన్ మీటర్ల టార్క్. సైనిక్‌పురిలో మా ఇంటి నుంచి వికారాబాద్ అవతల ఉన్న మామిడి తోటకి వారానికి రెండు ట్రిప్పులు తిరుగుతాను. వెనక డ్రిప్ పైపులో, రిపేరుకి వచ్చిన మోటారో, ఎండాకాలంలో మామిడి బుట్టలో ఉంటాయి. అనంతగిరి గుట్టని అవలీలగా ఎక్కే బండి, నాలుగేళ్ళు తిరిగేసరికి మూడో గేరులో కూడా మూలగడం మొదలుపెట్టింది.

అప్పుడు నేను చేసిన తప్పు చెప్తాను, మీరు చేయకండి. నగరంలో ఒక యాక్సెసరీస్ షాపుకి వెళ్ళి ట్యూనింగ్ బాక్స్ పెట్టించాను. ముప్పై వేలు దాటింది. అరగంటలో బిగించి, "మేడమ్, ఇరవై శాతం పవర్ పెరిగినట్టే" అన్నారు. మొదటి రోజు కాలు పెడితే బండి ముందుకి దూకినట్టే ఉంది. రెండో రోజు శామీర్‌పేట రోడ్డు మీద ఒక లారీని దాటి అద్దంలో చూశాను. వెనక అంతా నల్లటి పొగ. ఆ పొగలోంచి స్కూటర్ మీద వస్తున్న ఒకాయన, ముందు నిలబడ్డ పాప ముఖానికి చెయ్యి అడ్డం పెట్టి కనిపించాడు. ఆ చెయ్యి నాకు ఇప్పటికీ గుర్తుంది. నెల తిరక్కుండానే పొల్యూషన్ టెస్టులో బండి ఫెయిలైంది. బీఎస్4 డీజిల్‌కి పొగ సాంద్రత 1.62 దాటకూడదు, మాది 2.3 చూపించింది.

వనస్థలిపురం దగ్గర ఆటోనగర్‌లో లారీ పంపులు, ఇంజిన్లు చూసే ఒక ఉస్తాద్ ఉన్నాడు. ఆయన దగ్గరికి తీసుకెళ్తే బానెట్ కూడా తెరవకుండా ఒక్కసారి రేస్ చేయించి, పొగ చూసి, "అక్కా, నీ ఇంజిన్‌కు ఊపిరి ఆడతలేదు. ఊపిరాడనోనికి ఇంకింత తిండి పెట్టిండ్రు. ముందు ఊపిరి చూడాలె, తర్వాతనే తిండి" అన్నాడు. ఆ తర్వాత నేను నేర్చుకున్నదంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది. మీ బండి హైలక్స్ అయినా, గెటవే అయినా, జెనాన్ అయినా వరస ఇదే.

డీజిల్ ఇంజిన్‌లో బలం ఎక్కడ పుడుతుంది

పెట్రోల్ ఇంజిన్‌లో గాలికి తగ్గట్టు పెట్రోల్ పడుతుంది. డీజిల్‌లో అలా కాదు. గాలి ఎప్పుడూ అవసరానికి మించే లోపలికి పోతుంది, ఎంత బలం కావాలన్నది డీజిల్ కొలత తేలుస్తుంది. కిలో డీజిల్ కాలడానికి లెక్క ప్రకారం పద్నాలుగున్నర కిలోల గాలి చాలు. కానీ పిస్టన్ పైకొచ్చిన ఆ రెప్పపాటులో చుక్క చుక్కకీ గాలి అందదు. అందుకే పద్దెనిమిది కిలోల కంటే తగ్గితే పొగ మొదలవుతుంది. నల్లపొగ అంటే బలం కాదు, మీరు డబ్బిచ్చి కొన్న డీజిల్ కాలకుండా మసిగా బయటికి పోవడం. పైగా ఆ అదనపు డీజిల్ ఆలస్యంగా, ఎగ్జాస్ట్ తెరుచుకునే వేళ దాకా కాలుతూ ఉంటుంది. ఆ వేడి టర్బోకి (ఎగ్జాస్ట్ తోపుతో తిరుగుతూ ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపే ఫ్యాన్‌కి), పిస్టన్ తలకి తగులుతుంది.

అందుకని డీజిల్ పెంచేముందు గాలి పెరగాలి, గాలి పెరిగేముందు ఉన్న గాలి కారిపోకుండా చూసుకోవాలి. ఇంట గెలిచి రచ్చ గెలవడమంటే ఇదే.

కొలత లేకుండా పానా పట్టుకోవద్దు

"ఇప్పుడు పికప్ బాగుంది" అనే మాటని నేను నమ్మను, నా సొంత మాటైనా సరే. కొత్తగా డబ్బు పెట్టిన వారం రోజులు ఎవరికైనా బండి బాగానే అనిపిస్తుంది. బండి కంప్యూటర్‌లోని అంకెలు చదివే ఒక బ్లూటూత్ ఓబీడీ స్కానర్, ఫోన్‌లో దానికి సరిపోయే యాప్, ఒక చిన్న నోట్‌బుక్. ఇవి చాలు.

మొదటి పరీక్ష బండి కదలకుండానే చేయొచ్చు. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్‌లో పెట్టి మానిఫోల్డ్ (సిలిండర్లలోకి గాలి పోయే గొట్టం) ప్రెషర్ చూడండి. హైదరాబాద్ సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి ఇక్కడ గాలి ఒత్తిడి 95 కిలోపాస్కల్ దగ్గర ఉండాలి. మీ బండి 85 అనో 110 అనో చూపిస్తే సెన్సర్ మసిపట్టిందో, పాడైందో చూడాలి. అది అబద్ధం చెప్తుంటే మిగతా లెక్కలన్నీ అబద్ధమే. తర్వాత రోడ్డు మీద పూర్తిగా తొక్కినప్పుడు వచ్చే అంకెలోంచి ఈ 95 తీసేస్తే టర్బో ఇస్తున్న బూస్ట్, అంటే అదనపు గాలి ఒత్తిడి, ఎంతో తెలుస్తుంది. ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) అడుగుతున్న బూస్ట్, నిజంగా వస్తున్న బూస్ట్ రెండూ పక్కపక్కన చూపించే స్కానర్ దొరికితే మరీ మంచిది. రెండింటి మధ్య తేడా ఉందంటే ఎక్కడో కారుతోందని అర్థం.

రెండోది టైము. నేను ఆదివారం తెల్లవారుజామున ఔటర్ రింగ్ రోడ్డు మీద, ఎడమవైపు లేన్లలో, మూడో గేరులో 40 నుంచి 80కి ఎంతసేపు పడుతుందో చూస్తాను. ఆ లేన్లకి 80 వరకు అనుమతి ఉంది కాబట్టి రూలు దాటాల్సిన పని లేదు. ఒకే చోట, వెళ్ళేటప్పుడు మూడుసార్లు, వచ్చేటప్పుడు మూడుసార్లు. ట్యాంకులో డీజిల్ సగం, బండిలో నేనూ, పక్కన ఫోన్ చూసే మా తమ్ముడూ. ఏసీ ఆఫ్. స్టీరింగ్ పట్టుకున్న మనిషి ఫోన్ చూడకూడదు, రెండో మనిషి లేకపోతే ఈ పరీక్ష మానేయండి.

వేగం మీటర్‌లో కాకుండా జీపీఎస్‌లో చూడాలి. ఎందుకో నా అనుభవం చెప్తాను. బండికి వచ్చిన టైర్లు 245/70 ఆర్16. అందం కోసం నేను 265/75 ఆర్16 వేయించాను. చక్రం ఎత్తు 749 మిల్లీమీటర్ల నుంచి 804కి పెరిగింది, అంటే ఏడు శాతం పైనే. మీటర్ 75 చూపిస్తున్నప్పుడు బండి నిజానికి 80లో ఉంటోంది. దాంతోపాటు చక్రం దగ్గరికి చేరే బలం కూడా అంతే తగ్గిపోయింది. 320 టార్క్ ఉన్న బండి 298 ఉన్నట్టు లాగుతోంది. ఒక చేత్తో బలం తీసేసి, ఇంకో చేత్తో ముప్పై వేలు పెట్టి కొనుక్కోబోయాను. పెద్ద టైర్లు అమ్మేసి పాత సైజుకి వచ్చాను. పెద్ద టైర్లే కావాలనుకునేవాళ్ళు ఈ ఏడు శాతం లెక్క ముందే వేసుకోండి.

ట్యూనింగ్ బాక్స్ పీకేసి, పాత సైజు టైర్లతో మొదటిసారి కొలిస్తే 9.8 సెకన్లు వచ్చింది. నోట్‌బుక్ మొదటి పేజీలో ఆ అంకె ఇంకా ఉంది.

పోయిన బలం తిరిగి తెచ్చుకోవడం

నా అభిప్రాయంలో నూటికి తొంభై మంది ఇక్కడితో ఆగిపోవచ్చు. ఐదారేళ్ళు తిరిగిన బండికి అప్‌గ్రేడ్ కంటే ముందు కావలసింది వైద్యం.

ముందు టర్బో నుంచి ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కి, అక్కడి నుంచి మానిఫోల్డ్‌కి వెళ్ళే రబ్బరు హోసులు. బయటికి బాగానే కనిపిస్తాయి. ఉస్తాద్ గుడ్డతో తుడిచి, క్లిప్పు వదులు చేసి, హోసు కింది భాగం మీద బొటనవేలితో నొక్కాడు. పెదవిలా తెరుచుకుంది. వేలెడు పొడవు చీలిక. ఐడిలింగ్‌లో మూసుకుని ఉంటుంది, బూస్ట్ రాగానే తెరుచుకుని గాలి వదిలేస్తుంది. ఆ చుట్టూ నూనె, దుమ్ము కలిసి నల్లగా పేరుకుని ఉంది. ఎక్కడ అలా నూనె తడి కనిపిస్తే అక్కడ గాలి కారుతోందని లెక్క. అనుమానం ఉంటే సబ్బు నీళ్ళు చల్లి, లైన్‌లోకి తక్కువ ఒత్తిడితో గాలి ఎక్కించి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. కంపెనీ హోసు దొరక్కపోతే రాణిగంజ్‌లో సిలికాన్ హోసులు దొరుకుతాయి. లోపలి వ్యాసం కొలిచి తీసుకెళ్ళండి, నూనెకి తట్టుకునే లోపలి పొర ఉందో లేదో అడగండి. క్లిప్పులు మాత్రం పళ్ళు ఉండే మామూలువి వద్దు, బోల్టుతో బిగించే వెడల్పాటి రకం తీసుకోండి. పళ్ళ క్లిప్పు సిలికాన్‌ని కోసేస్తుంది.

రెండోది ఇంటేక్ మానిఫోల్డ్. ఈజీఆర్ వాల్వ్ కాలిన పొగలో కొంత తిరిగి లోపలికి పంపుతుంది. క్రాంక్‌కేస్ నుంచి వచ్చే నూనె ఆవిరి దానికి తోడవుతుంది. రెండూ కలిస్తే తారు. మా బండి మానిఫోల్డ్ విప్పి చూస్తే లోపల కట్టెల పొయ్యి మీద ఏళ్ళ తరబడి కాగిన బిందె అడుగులా ఉంది. దారి సగానికి మూసుకుపోయింది. స్క్రూడ్రైవర్‌తో గీకితే పెచ్చులు పెచ్చులుగా ఊడింది. దీన్ని విప్పి బయట పెట్టే కడిగించాలి. ఇంజిన్ నడుస్తుండగా స్ప్రే కొట్టి శుభ్రం చేస్తామంటే ఒప్పుకోకండి, గట్టి పెచ్చు ఊడి లోపలికి పోతే వాల్వుకో టర్బోకో దెబ్బ. ఈజీఆర్ వాల్వ్‌ని కూడా అప్పుడే శుభ్రం చేయించి తిరిగి పెట్టించండి. ప్లేటు అడ్డం పెట్టి మూసేద్దామని చాలామంది సలహా ఇస్తారు. అది కాలుష్యం తగ్గించడానికి పెట్టిన భాగం, మూస్తే చట్టం ఒప్పుకోదు. నా బండిలో మూయలేదు.

మూడోది సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు. దీనికి ఉస్తాద్ చేసిన పరీక్ష కళ్ళారా చూశాను, ఎంత ముచ్చటగా ఉందో! నాలుగు ఒకే సైజు సీసాలు తీసుకుని, నాలుగు సన్నటి పారదర్శక పైపులతో ఒక్కో ఇంజెక్టర్ రిటర్న్ లైన్ (మిగిలిన డీజిల్ వెనక్కి పోయే దారి) ఒక్కో సీసాలోకి పెట్టాడు. ఇంజిన్ ఐడిలింగ్‌లో కొన్ని నిమిషాలు నడిపాడు. మూడు సీసాల్లో డీజిల్ వేలెడు ఎత్తు చేరితే, మూడో ఇంజెక్టర్ సీసాలో దానికి రెట్టింపు పైనే నిండింది. అంటే ఆ ఇంజెక్టర్ లోపల అరిగి, సిలిండర్‌లోకి పోవాల్సిన ఒత్తిడి వెనక్కి కారిపోతోంది. నాలుగూ మార్చక్కర్లేదు, ఆ ఒక్కటి రిపేరు చేయించి, దాని కోడ్ ఈసీయూలో రాయించాం. ఇంజిన్ సన్నటి వణుకు కూడా పోయింది.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇంజెక్టర్లకి డీజిల్ అందించే కామన్ రెయిల్ పైపులో ఒత్తిడి వెయ్యిన్నర బార్లు కూడా దాటుతుంది. మీ టైరులో ఉండేది రెండు బార్ల చిల్లర. ఇంజిన్ నడుస్తుండగా హైప్రెషర్ పైపు నట్టు వదులు చేయడం, కారుతోందేమోనని వేలు పెట్టి చూడటం ఎప్పుడూ చేయకండి. కంటికి కనిపించని సన్నటి ధార చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. గాయం చిన్న చుక్కలా కనిపించినా అది వెంటనే ఆస్పత్రికి వెళ్ళాల్సిన కేసు. రిటర్న్ లైన్ తక్కువ ఒత్తిడిది, అయినా ఆ సీసాల పరీక్ష తెలిసిన చేతులతోనే చేయించండి.

డీజిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్ మార్చడం, ఫిల్టర్ కింద చేరిన నీళ్ళు వదలడం గురించి వేరే చెప్పక్కర్లేదు. టర్బో లోపలి వేన్లు (సన్నటి రెక్కలు) తిప్పే లివర్‌ని మాత్రం ఒకసారి చూడమని అడగండి. నగరం ట్రాఫిక్‌లోనే తిరిగే బండికి మసిపట్టి అది బిగుసుకుపోతుంది.

ఇవన్నీ అయ్యాక మళ్ళీ ఆదివారం పొద్దున, అదే చోట. 7.9 సెకన్లు. బలం పెంచే కొత్త వస్తువు ఒక్కటీ బిగించకుండా దాదాపు రెండు సెకన్లు తిరిగొచ్చాయి. పొల్యూషన్ టెస్టులో 0.8.

కొనొద్దు అని నేను చెప్పేవి

పెడల్ బాక్స్ బలం పెంచదు. మీరు కొంచెం తొక్కితే ఎక్కువ తొక్కినట్టు ఇంజిన్‌కి చెప్తుంది, అంతే. మొత్తం తొక్కినప్పుడు ముందు ఎంతో తర్వాతా అంతే.

నూనె రాసిన కాటన్ ఎయిర్ ఫిల్టర్లు కూడా మన రోడ్లకి వద్దంటాను. వికారాబాద్ నుంచి తోట దాకా ఎర్రమట్టి దారి, ముందు ట్రాక్టర్ వెళ్తే దారే కనిపించదు. ఆ దుమ్ముని కంపెనీ పేపర్ ఫిల్టర్ పట్టినంత బాగా ఇంకేదీ పట్టదు. నూనె ఎక్కువ రాస్తే అది వెళ్ళి గాలి కొలిచే సెన్సర్ మీద పడి లెక్కలు తప్పుతాయి. స్టాక్ టర్బో ఉన్నంతవరకు కంపెనీ ఫిల్టర్ డబ్బా సరిపోతుంది.

వెనక సైలెన్సర్ మార్చితే శబ్దం మారుతుంది గానీ బలం పెద్దగా మారదు. డీజిల్‌లో టర్బోయే సగం సైలెన్సర్. పొగని శుద్ధి చేసే కన్వర్టర్ తీసేయమనే వాళ్ళ మాట అసలు వినకండి.

ట్యూనింగ్ బాక్స్ సంగతి. చవక రకాలు చాలావరకు చేసేది ఒకటే. రెయిల్ ప్రెషర్ సెన్సర్‌కి, ఈసీయూకి మధ్య కూర్చుని, ఉన్న ఒత్తిడి కంటే తక్కువ ఉందని చెప్తాయి. ఈసీయూ పాపం నమ్మి ఒత్తిడి పెంచుతుంది. డీజిల్ ఎక్కువ పడుతుంది, కానీ గాలి ఎంతుంది, వేడి ఎంతుంది అనే లెక్క ఆ బాక్స్‌కి లేదు. ఇంజిన్ తనని తాను కాపాడుకోవడానికి పెట్టుకున్న కన్నుకే గంత కట్టినట్టు. నా బండి వేసిన నల్లపొగకి చిరిగిన హోసు ఒక కారణమైతే, ఇది రెండోది.

ఇంటర్‌కూలర్

ఇది నిజంగా పనికొచ్చే ఖర్చు, ముఖ్యంగా మే నెలలో 42 డిగ్రీలు చూసే మన ఊళ్ళో. టర్బో గాలిని నొక్కితే గాలి వేడెక్కుతుంది, వేడి గాలి పలుచన. లోపలికి పోయే గాలి 70 డిగ్రీల నుంచి 50కి దిగితే అదే ఒత్తిడిలో ఆరు శాతం ఎక్కువ గాలి పడుతుంది. డీజిల్ ఒక్క చుక్క పెంచకుండానే పొగా, వేడీ రెండూ తగ్గుతాయి. కొత్తది కొనేముందు ఉన్నదాన్ని విప్పి లోపలి నూనె కడిగించి, బయటి రెక్కల్లో ఇరుక్కున్న మట్టి, పురుగులు తక్కువ ఒత్తిడి నీళ్ళతో పోగొట్టండి. ముందు పెద్ద బంపర్, లైట్ల బార్ పెట్టి గాలి దారి మూసినవాళ్ళు ముందు అవి తీసి చూడండి. నేను కడిగించి ఊరుకున్నాను. పెద్దది పెట్టాలనుకుంటే దళసరి మరీ ఎక్కువ ఉన్నది వద్దు, వెనకున్న రేడియేటర్‌కి గాలి అందదు.

వేడి మీటర్ లేకుండా ఈసీయూ మ్యాప్ మార్చవద్దు

చేతులు కాలాక ఆకులు పట్టుకునే పని ఇక్కడే జరుగుతుంది. డీజిల్ ఇంజిన్‌కి బలం పెంచాలనుకునే ప్రతి ఒక్కరూ మొదట కొనాల్సిన వస్తువు ఎగ్జాస్ట్ వేడి చూపించే మీటర్. కె టైప్ థర్మోకపుల్, అంటే సన్నటి కడ్డీ, టర్బోకి ముందు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లో కూర్చోవాలి. టర్బో తర్వాత పెడితే బిగించడం తేలికే, కానీ గాలి టర్బోని తిప్పి చల్లబడ్డాక కొలుస్తారు కాబట్టి అంకె వంద డిగ్రీలకి పైగా తక్కువ చూపించొచ్చు.

మానిఫోల్డ్ విప్పించి బాలానగర్‌లో ఒక లేతు షాపులో రంధ్రం వేయించి మరలు పోయించాను. బండి మీదే డ్రిల్లు వేస్తామన్నవాళ్ళూ ఉన్నారు. ఆ ఇనుప రజను ఒక్క పిసరు టర్బో ఫ్యాన్‌కి తగిలినా రెక్క విరుగుతుంది. విప్పించడానికి ఒక పూట పని ఎక్కువ, పట్టనివ్వండి.

ఎంత వరకు పర్వాలేదు? టర్బోకి ముందు, ఎడతెగని ఎక్కుడులో 700 డిగ్రీలు దాటనివ్వకపోవడం నేను పెట్టుకున్న గీత. పిస్టన్లు అల్యూమినియం మిశ్రమం, స్వచ్ఛమైన అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. పిస్టన్ కింద నూనె చిమ్ముతూ చల్లబరుస్తుంది కాబట్టి, వేడి గాలి తాకేది క్షణకాలమే కాబట్టి అది నిలబడుతోంది. ఆ ఓర్పుకి హద్దుంది.

మీటర్ పెట్టాక బండి నడిపే పద్ధతే మారిపోయింది. ఎక్కుడులో అంకె పెరుగుతుంటే చాలామంది ఇంకా తొక్కుతారు. చేయాల్సింది ఒక గేరు దించడం. ఇంజిన్ వేగంగా తిరిగితే గాలి ఎక్కువ లాగుతుంది, ఒక్కో సిలిండర్‌లో పడే డీజిల్ తగ్గుతుంది, మీటర్ మీ కళ్ళ ముందే దిగుతుంది. నాలుగో గేరులో 640 చూపించిన చోట మూడో గేరులో అదే వేగానికి 560.

రీమ్యాప్, దానికంటే ముందు చట్టం

ఈసీయూ రీమ్యాప్ అంటే ఈసీయూ లోపలి లెక్కల పట్టికలు (మ్యాప్) మార్చడం. ఎంత బూస్ట్‌కి ఎంత డీజిల్, ఏ క్షణంలో, ఎంత ఒత్తిడిలో, టార్క్ హద్దు ఎక్కడ, పొగ హద్దు ఎక్కడ అన్నీ అందులో ఉంటాయి. బాక్స్‌లా అబద్ధం చెప్పదు, లెక్కే మారుస్తుంది. సరిగ్గా రాస్తే గాలిని చూసే డీజిల్ పెంచుతుంది.

కానీ ముందు ఇది తెలుసుకోండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడాగా ఉండేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్నే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడే వీలుంది. పవర్ పెంచిన మ్యాప్ ఈ గీత అవతల ఉన్నట్టే లెక్క. వారంటీ పోతుంది. ఇన్సూరెన్స్ వాళ్ళకి చెప్పకుండా చేయించి, తర్వాత ఏదైనా జరిగితే క్లెయిమ్ దగ్గర ఇరుక్కుంటారు. నేను వారంటీ అయిపోయాక, ఇన్సూరెన్స్ కంపెనీకి మెయిల్ రాసి, జవాబు చేతికొచ్చాకే అడుగు ముందుకేశాను. ఇంత రిస్కు వద్దనుకుంటే 7.9 సెకన్ల దగ్గరే ఆగండి, అది ఏమాత్రం చిన్న విషయం కాదు. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 బండ్లలో పొగలోని మసిని పట్టి ఆపే డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. ఆ బండ్లలో డీజిల్ పెంచితే మసి పెరిగి అది తొందరగా మూసుకుపోతుంది. దాన్ని తీసేసే ఫైల్ రాస్తామనే ట్యూనర్ దగ్గర కుర్చీలో కూడా కూర్చోవద్దు.

ట్యూనర్‌ని ఎలా ఎంచుకోవాలి? నేను మూడు ప్రశ్నలు అడిగాను. మొదట బండి లాగ్ (నడుస్తున్నప్పటి అంకెల రికార్డు) తీసి చూస్తారా? నా ఒరిజినల్ మ్యాప్ ఫైల్ నాకు ఇస్తారా? పొగా వేడీ ఎక్కువైతే ఫైల్ సరిచేస్తారా? మూడింటికీ ఔనన్నవాళ్ళ దగ్గరికే వెళ్ళాను. "ఎంత పవర్ కావాలో చెప్పండి" అని వాళ్ళు మొదలుపెడితే బయటికొచ్చేయండి. మన బండి ఆరోగ్యం అడిగాకే పవర్ మాట రావాలి.

మొదటి ఫైల్ వేయించాక పరీక్షకి శ్రీశైలం దారి పట్టాను. వెనక రెండొందల కిలోల ఎరువు బస్తాలు, పక్కన మా తమ్ముడు. రాత్రి తొమ్మిది తర్వాత మన్ననూర్ చెక్‌పోస్ట్ మూసేస్తారు కాబట్టి తెల్లారాకే దాటేలా బయల్దేరాం. అది పులుల అడవి, అక్కడ వేగం పరీక్షలు పెట్టకూడదు. ఘాట్‌లో ముప్పై, నలభై వేగంతో లోడు మీద నింపాదిగా ఎక్కడమే నాకు కావలసింది. తిరుగు ప్రయాణంలో డ్యామ్ కింది వంతెన దాటి దోమలపెంట వైపు ఎక్కే మలుపుల్లో మీటర్ 680, 700, 740 అని పెరుగుతూ పోయింది. కాలు తీసేశాను. ఇంటికొచ్చి లాగ్ పంపితే, 3,000 ఆర్‌పీఎం పైన డీజిల్ తగ్గించి రెండో ఫైల్ ఇచ్చారు. నెల తర్వాత అదే మలుపులు, అదే లోడు, 670 దాటలేదు. మీటర్ లేకపోతే మొదటి ఫైల్‌తోనే మురిసిపోయి తిరిగేదాన్ని.

ఔటర్ మీద టైము 6.6 సెకన్లకి వచ్చింది, పొల్యూషన్ టెస్టులో 0.9.

క్లచ్ సంగతి మరిచిపోకండి. కంపెనీ క్లచ్ 320 టార్క్‌కి కొంచెం మార్జిన్‌తో చేసింది. అరిగిన క్లచ్ మీద టార్క్ పెంచడం గోరుచుట్టు మీద రోకటి పోటే. పరీక్ష తేలిక. ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో 1,500 ఆర్‌పీఎం దగ్గర పూర్తిగా తొక్కండి. ఆర్‌పీఎం ముల్లు గబుక్కున లేచి బండి వేగం మాత్రం అలాగే ఉందంటే, కొంచెం కాలిన వాసన కూడా వచ్చిందంటే క్లచ్ జారుతోంది. మాది రెండో ఫైల్ వేసిన ఆరు నెలలకి జారింది. ముందే చూసుకుని ఉంటే గేర్‌బాక్స్ ఒక్కసారి దించడంతో పోయేది. ఆటోమేటిక్ బండి అయితే గేర్‌బాక్స్ ఎంత టార్క్ మోస్తుందో తెలుసుకుని, ఆ గీత కింద ఆగండి.

ఆ తర్వాతి నిర్వహణలో రెండు మార్పులు చేశాను. ఇంజిన్ ఆయిల్ 10,000 కిలోమీటర్లకి కాక 7,000కే మారుస్తున్నాను. ఘాట్ ఎక్కి ఆగగానే తాళం తిప్పడం మానేశాను. టర్బో ఆ వేడిలో ఉండగా ఇంజిన్ ఆపితే లోపలి బేరింగ్ దగ్గర నూనె నిలిచిపోయి మాడి గట్టిపడుతుంది. దోమలపెంటలో చెట్టు కింద బండి ఆపి, మా తమ్ముడు టీ చెప్పడానికి దిగినా నేను దిగను. ఐడిలింగ్‌లో ఉంచి మీటర్ చూస్తూ కూర్చుంటాను. రెండు నిమిషాల్లో అంకె 250 కిందికి వస్తుంది. అప్పుడు ఆపుతాను.